లెడ్‌విల్‌లో మంచి టాకో ఎక్కడ? బీఫ్ తినని ఇంటివాళ్ళకు నా సమాధానం

మీరు అడిగింది ఇది: సెప్టెంబరు మూడో వారంలో డాలస్ నుంచి డెన్వర్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, ఆస్పెన్ చెట్లు పసుపెక్కడం చూడ్డానికి గురువారం నుంచి ఆదివారం దాకా కొలరాడో కొండల్లోని లెడ్‌విల్‌లో ఉంటారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మగారు, నాన్నగారు వెంట ఉన్నారు. ఇంట్లో బీఫ్ ఎవరూ ముట్టరు. మీ దంపతులకు పంది మాంసం ఫర్వాలేదు, నాన్నగారికి మటనో చికెనో అయితే చాలు, అమ్మగారు పూర్తి శాకాహారి. మ్యాప్స్‌లో వెతికితే మామిడి ముక్కలు చల్లిన చేప టాకోల ఫోటోలే వస్తున్నాయి. అసలైన టాకోలు, అంటే చిన్న మొక్కజొన్న రొట్టెల్లో మాంసం పెట్టి మడిచే మెక్సికో తిండి, ఆ కొండ ఊళ్ళో దొరుకుతాయా, దొరికితే ఎలా కనిపెట్టాలి అన్నారు.

దొరుకుతాయి. ఆ మాటకొస్తే కొలరాడో కొండల్లో మీరు ఎంచుకున్నది మంచి ఊరు. ఆస్పెన్, వేల్ లాంటి రిసార్టు ఊళ్ళలో గది తీసుకుని ఇదే ప్రశ్న అడిగి ఉంటే, ముందు కారెక్కి కిందికి దిగండి అని చెప్పేవాణ్ణి.

నేను ఈ కొండల్లో హోటళ్ళకు, రెస్టారెంట్లకు బిల్లింగ్ మెషిన్లు పెట్టి, పాడైతే బాగుచేసే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. అంటే ముందు గుమ్మం నుంచి కాకుండా వెనక వంటగది తలుపు నుంచి లోపలికెళ్ళే ఉద్యోగం. అక్కడ నాకు అర్థమైంది ఒక్కటే. రిసార్టు ఊరి మెయిన్ రోడ్డు మీద మెనూలో రాసి అమ్మే టాకో వేరు, అదే వంటగదిలో గిన్నెలు కడిగేవాళ్ళు, పక్కలు మార్చేవాళ్ళు డ్యూటీ దిగాక తినే టాకో వేరు. రెండోది కావాలంటే వాళ్ళు ఎక్కడ ఉంటారో, ఎప్పుడు ఆకలేస్తుందో తెలియాలి. రేటింగులు చూసి కనిపెట్టేది కాదు అది.

లెడ్‌విల్ సంగతి చూడండి. 1870ల చివర్లో వెండి గనులతో పుట్టిన ఊరు. సముద్రమట్టానికి 10,150 అడుగుల పైన ఉంటుంది. ఊరికి ఉత్తరంగా ఫ్రీమాంట్ పాస్ అనే కనుమ మీద క్లైమాక్స్ అనే గని ఉంది, మాలిబ్డినం లోహం తీసేది. 1980లలో ఆ గని కుదేలైపోయాక ఊళ్ళో పనులు లేవు, ఇళ్ళు చవకయ్యాయి. అదే సమయంలో కొండకు అవతల వేల్, బీవర్ క్రీక్, కాపర్ మౌంటెన్ రిసార్టులు పెరిగాయి. అక్కడ పని ఉంది కానీ పనివాళ్ళు కట్టగలిగే అద్దెలు లేవు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు చాలా లెడ్‌విల్‌లో స్థిరపడి, తెల్లవారకముందే బస్సులోనో నలుగురు కలిసి ఒక పికప్‌లోనో టెనెసీ పాసో ఫ్రీమాంట్ పాసో దాటి పనికి వెళ్ళడం మొదలుపెట్టాయి. 2012లో గని మళ్ళీ తెరిచారు, అద్దెలూ ఇప్పుడు పాత అద్దెలు కావు. కానీ ఆ కుటుంబాల పిల్లలు అక్కడే బళ్ళో చదివారు, కొట్లు పెట్టారు. మీకు కావలసిన టాకో ఆ ఇళ్ళ చుట్టూ ఉంటుంది.

ఏ కొండ ఊరికైనా ఇదే సూత్రం. ఆస్పెన్ అయితే 82వ నంబరు హైవే పట్టుకుని బసాల్ట్, ఎల్ జెబెల్, కార్బన్‌డేల్, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ వైపు దిగుతున్న కొద్దీ తిండి బాగుపడుతుంది, బిల్లు తగ్గుతుంది. వేల్ అయితే ఎడ్వర్డ్స్, ఈగల్, జిప్సమ్. బ్రెకెన్‌రిడ్జ్ అయితే సిల్వర్‌థార్న్. టెల్యురైడ్ అయితే మాంట్రోజ్ దాకా పోవాలి. వయోమింగ్‌లో జాక్సన్ వెళ్ళినా అంతే, టీటన్ పాస్ దాటితే ఐడహోలో విక్టర్, డ్రిగ్స్.

షాపుల పేర్లు మాత్రం చెప్పను, ఏమీ అనుకోకండి. ఇది దాపరికం కాదు. ఈ ఊళ్ళలో టాకోలు వండి అమ్మే ట్రక్కు ఈ ఏడు ఇక్కడుంటే వచ్చే ఏడు కిందిలోయలో ఉంటుంది. కొట్టు పేరు అదే ఉంటుంది, వంట చేసే ఆవిడ మానేసి సొంత ట్రక్కు పెట్టుకుంటుంది. నాలుగేళ్ళ కిందటి పొగడ్త చదివి వెళ్ళి తిట్టుకుంటూ వచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పేరుకంటే పట్టుకునే పద్ధతి తెలిస్తే మేలు.

మ్యాప్స్‌లో ‘బెస్ట్ టాకోస్’ అని కొట్టకండి. స్పానిష్ మాటలు కొట్టండి: తాకెరియా, కార్నిసెరియా అంటే మాంసం కొట్టు, పనదెరియా అంటే బేకరీ, తియెందా అంటే కిరాణా. ఇలాంటి ఊళ్ళలో మంచి టాకో చాలాసార్లు రెస్టారెంటులో ఉండదు. కిరాణా కొట్టులో వెనక మూలన, మాంసం కౌంటర్ పక్కన, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పొయ్యి ఉంటాయి, అక్కడ ఉంటుంది. ముందు అద్దం మీద మెక్సికోకు డబ్బు పంపే కంపెనీల పోస్టర్లు, ఫోన్ కార్డులు, పిన్యాటాలు, అంటే పుట్టినరోజుకు మిఠాయిలు నింపే కాగితం బొమ్మలు వేలాడుతుంటే తలుపు తీసి లోపలికి వెళ్ళండి. పెట్రోల్ బంకులో ఉన్నా చిన్నచూపు చూడకండి.

ఫోటోల్లో షాపువాళ్ళు పెట్టినవి వదిలేసి, తిన్నవాళ్ళు తీసినవి చూడండి. చతురస్రం పళ్ళెంలో మూడు టాకోలు నిలబెట్టి, పైన ఊదారంగు క్యాబేజీ, తెల్ల సాసు గీతలు ఉంటే అది టూరిస్టుల కోసం. కాగితం ప్లేటు మీద నూనె మరక, చిన్న రొట్టెలు, ఉల్లిపాయ, కొత్తిమీర, పక్కన నిమ్మ బద్ద, ముల్లంగి ముక్కలు ఉంటే మీరు వెతికేది అదే. పనివేళలు కూడా చూడండి. పొద్దున ఐదింటికో ఆరింటికో తెరిచే చోటు పనికెళ్ళేవాళ్ళ కోసం తెరిచినట్టు. పదకొండున్నరకు తెరిచేది మన కోసం. ట్రక్కులైతే ఈ రోజు ఎక్కడ ఆపుతున్నాయో మ్యాప్స్‌లో ఉండదు, వాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో పొద్దున్నే పెడతారు. ఇంటి రిపేరు సామాన్ల షాపు పార్కింగ్, ఏదైనా భవనం కడుతున్న చోటు, పెద్ద కిరాణా ఎదుట ఖాళీ స్థలం, ఇవీ వాటి తావులు.

ఎవరినైనా అడగాలంటే హోటల్ రిసెప్షన్‌లో అడగకండి. వాళ్ళు మంచివాళ్ళే, కానీ మీ ముఖం చూసి మీకు నచ్చుతుందనుకున్నది చెప్తారు. గది శుభ్రం చేయడానికి వచ్చినావిణ్ణో, టైరులో గాలి కొట్టే కుర్రాణ్ణో ‘మీరు ఎక్కడ తింటారు?’ అని అడగండి. ‘మంచి టాకో ఎక్కడ?’ అనొద్దు, ‘మీరు’ అని అడగండి. జవాబు మారిపోతుంది. ఒక్క జాగ్రత్త: మీది ఏ దేశం, ఎప్పుడొచ్చారు అని ఆరాలు తీయకండి. మనవాళ్ళకు అలా అడగడం ఆప్యాయత. ఈ రోజుల్లో వలస అధికారుల భయం వల్ల వాళ్ళకు అది గుండె దడ. తిండి గురించి అడగండి. బిర్రియా అనే మాంసం కూర చూపించి ‘ఇది ఎక్కడి పద్ధతి?’ అంటే హలీస్కో అనో సకతేకాస్ అనో, మెక్సికోలో తమ రాష్ట్రం పేరు వాళ్ళే నవ్వుతూ చెప్తారు.

ఇక కొట్టు దొరికాక అది మంచిదో కాదో తేల్చేది మాంసం కాదు, రొట్టె. టాకోలో సగం అదే. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో సన్నని సెగ మీద ఉడికించి, రాత్రంతా అలాగే ఉంచి, కడిగి, రుబ్బి ఆ పిండితో చేస్తే అసలు తోర్తియా. కొండ ఊళ్ళో గింజ నుంచి మొదలుపెట్టేవాళ్ళు అరుదు. మసేకా లాంటి ప్యాకెట్ పిండిని నీళ్ళతో తడిపి అప్పటికప్పుడు నొక్కేవాళ్ళు దొరికితే మీ అదృష్టం. చాలామంది డెన్వర్ ఫ్యాక్టరీల ప్యాకెట్లు తెచ్చి వాడతారు, అదేమీ తప్పు కాదు. ఆ ప్యాకెట్ రొట్టెను ఏం చేస్తున్నారో చూడాలి.

ట్రక్కు కిటికీ దగ్గర నిలబడి లోపలికి చూడండి. బాగా చేసేవాడు అరచేయంత రొట్టెలు రెండు తీసి, మాంసం వేగిన చోట మిగిలిన కొవ్వులో అంచులు తాకించి, పెనం మీద పక్కపక్కన పరుస్తాడు. చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు వచ్చేదాకా కదపడు. తిప్పగానే కొంచెం ఉబ్బాలి. అప్పుడు రెండింటినీ ఒకదాని మీద ఒకటి కాస్త జరిపి పెట్టి, అట్లకాడ అంచుతో మాంసం టకటకా నరికి, దాని మీదికి ఎత్తి, ఉల్లిపాయ కొత్తిమీర చల్లి, చల్లారకముందే మీ చేతికిస్తాడు. రొట్టెలు మైక్రోవేవ్‌లోంచి వస్తే, వంచగానే మధ్యకు విరిగితే, అక్కడ ఒక్కటి తిని లేచిపోండి. పైన గాలి బాగా పొడి, రొట్టె ఆరిపోవడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే ట్రక్కు దగ్గర నిలబడే తినాలి. కారులో పెట్టుకుని గదికి తీసుకెళ్ళి ఫోటోలు తీసి తింటే ఎవరి టాకో అయినా అట్టముక్కే.

మెక్సికోలోని చివావా రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళ కొట్టయితే మొక్కజొన్న కంటే గోధుమ రొట్టె బాగుంటుంది, టాకో కంటే ఆ రొట్టెలో చుట్టే బుర్రీటో బాగుంటుంది. వాళ్ళ దగ్గర అది తినండి. కొలరాడోలో పొద్దున పనికెళ్ళేవాళ్ళ అసలు టిఫిన్ కూడా అదే, గుడ్డు, బంగాళాదుంప, పచ్చిమిర్చి కూర గోధుమ రొట్టెలో చుట్టి వెండి కాగితంలో కట్టిన బుర్రీటో. గుడ్డుతో పాటు చోరీసో అనే మసాలా సాసేజ్ పెట్టినవి పంది, బేకన్ పెట్టినవీ పందే. పచ్చిమిర్చి కూర అనేదాంట్లోనూ చాలాసార్లు పంది ముక్కలుంటాయి. నాన్నగారికి కొనేటప్పుడు అడగండి.

ఇప్పుడు మాంసం. మీ ఇంటి పద్ధతికి ముందు వదిలేయాల్సినవి చెప్తాను: అసాదా బీఫ్, సువాదెరో బీఫ్, లెంగువా ఆవు నాలుక, త్రీపా పేగులు. కబేసా అంటే తలకాయే కానీ మేక తలకాయ కాదు, ఆవుది. నాన్నగారు ‘తలకాయ’ అనగానే ముచ్చటపడే మనిషైతే ముందే చెప్పి ఉంచండి. శని, ఆదివారాల్లో పెద్ద కుండలో ఉండే మెనూదో ఆవు పొట్ట పులుసు. పోసోలె అనే మొక్కజొన్న గింజల పులుసు సాధారణంగా పందితో చేస్తారు. కార్నితాస్, అల్ పస్తోర్, చోరీసో పంది. పోయో చికెన్, తీంగా కూడా ఎక్కువగా చికెనే.

మీ దంపతులకు అల్ పస్తోర్ చూడమని చెప్తాను. లెబనాన్ నుంచి మెక్సికో వలస వచ్చినవాళ్ళు తెచ్చిన షవర్మా అక్కడ పంది మాంసంగా, ఎర్ర మిరప, అచియోతే గింజల మసాలాగా మారి ఇలా అయింది. నిలువు చువ్వ మీద తిరుగుతూ కాలే మాంసం అంచుల్ని పలచగా కోసి వేస్తేనే దాని రుచి. ట్రక్కులో చువ్వ కనిపించకపోతే అది మసాలా పట్టించి పెనం మీద వేయించిన పంది మాత్రమే. తినొచ్చు, కానీ కార్నితాస్ ఉంటే నేనైతే అదే తీసుకుంటాను. మెక్సికోలోని మిచోవకాన్ రాష్ట్రం పద్ధతిలో పంది కొవ్వులోనే నిదానంగా ఉడికి, పైన కాస్త కరకరలాడుతుంది. శని, ఆదివారాలు పొద్దున చేస్తారు, మధ్యాహ్నానికి అయిపోతుంది.

నాన్నగారి కోసం వెతకాల్సింది బిర్రియా. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం మంది మనవాళ్ళు ఇక్కడే ఇరుక్కుంటారు. బిర్రియా పుట్టిన హలీస్కోలో అది మేక మాంసం. కొన్నేళ్ళుగా అమెరికా అంతటా ఇన్‌స్టాగ్రామ్‌లో వెలిగిపోతున్న, చీజ్ పెట్టి ఎర్రగా కాల్చి గ్లాసులో ముంచుకు తినే బిర్రియా మాత్రం అమెరికా సరిహద్దులోని తిహువానా ఊరి వైపు నుంచి వచ్చింది, అది బీఫ్. బోర్డు మీద ఉత్త ‘బిర్రియా’ అని ఉంటే బీఫ్ అనే అనుకోండి. ‘దె రేస్ ఓ దె చివో?’ అని అడగాలి. రేస్ అంటే గొడ్డుది, చివో అంటే మేక. బొర్రేగో అంటే గొర్రె. ‘చివో’ అన్న జవాబు వస్తే నాన్నగారిని కూర్చోబెట్టండి. బార్బకోవాకూ ఇదే ప్రశ్న. మెక్సికో నడిమి రాష్ట్రాల్లో అది గుంతలో మగ్గిన గొర్రె, ఇక్కడ చాలా చోట్ల బీఫ్.

మేక బిర్రియా రోజూ ఉండదు. శనివారం, ఆదివారం, అదీ పొద్దున. కొట్టు గోడ మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంటుంది, శుక్రవారమే వెళ్ళి ‘రేపు చివో ఉందా’ అని అడిగి రండి. లెడ్‌విల్‌లో ఆ వారం లేకపోతే ఈగల్ లోయలోనో, తిరుగు ప్రయాణంలో డెన్వర్‌లో ఫెడరల్ బులవార్డ్ మీదో చూడండి. అక్కడ దొరక్కపోవడం కష్టం. ప్లేటు వచ్చాక చూడండి: మాంసం ఎముకతోనే ఉంటుంది, ఎండుమిర్చి ఎరుపు పట్టి, వేలితో నొక్కితే విడిపోతుంది. పక్కన చిన్న కప్పులో కోన్సొమే, అంటే ఆ మాంసం ఉడికిన రసం. పైన ఎర్రటి నూనె తేలుతుంటుంది, అందులో పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర వేసుకుని నిమ్మకాయ పిండుకోవాలి. లవంగం, దాల్చినచెక్క, జీలకర్ర వాసన నాన్నగారికి వెంటనే తెలుస్తుంది. గుంటూరు మనిషికి కారం మాత్రం చాలదు. ఆ ఎరుపు గ్వహీయో మిరపది, రంగే తప్ప మంట తక్కువ.

కారానికి సల్సాల, అంటే వాళ్ళ పచ్చళ్ళ దగ్గరికి రండి. సన్నటి చిన్న ఎండుమిర్చి చిలె దె ఆర్బోల్‌తో చేసిన ముదురెరుపు సల్సా అడగండి. నారింజ రంగుది హబనేరో మిరపది, అది నాన్నగారికి కూడా సరిపోతుంది. అన్నిటికంటే మోసం చేసేది మీగడలా తెల్లగా, లేతాకుపచ్చగా ఉండే సీసా. అవకాడో అనుకుని బాగా పిండుకుంటారు. చాలా చోట్ల అందులో అవకాడో ఉండదు, పచ్చిమిర్చిని నూనెతో గిలక్కొట్టినదే. పెనం మీద మచ్చలొచ్చేలా వేయించిన పచ్చిమిరపకాయలు, ‘చిలెస్ తొరెయాదోస్’ అని అడిగితే కొన్ని చోట్ల ఊరికే ఇస్తారు.

మీరు వచ్చేది సెప్టెంబరు గనక ఇంకో మాట. దక్షిణాన ప్యూబ్లో ఊరి చుట్టూ పండే మందపాటి మిరపకాయ కోతకొచ్చే కాలం అది. ఇనుప జాలీ డ్రమ్ములో గ్యాస్ మంట మీద గిరగిరా తిప్పి కాల్చి సంచుల్లో పోసి అమ్ముతారు, వాసన రెండు వీధుల అవతలికి వస్తుంది. డెన్వర్‌లో ఫెడరల్ మీద, హైవేల పక్కన డేరాల్లో కనిపిస్తాయి. కొండెక్కేముందే ఒక సంచి కొని కారులో వేసుకోండి, అమ్మగారి వంటకు పనికొస్తుంది.

అమ్మగారి సంగతి నిజం చెప్పాలి. పూర్తి శాకాహారికి టాకో ట్రక్కు కుదరదు. మెనూలో నోపాలెస్ అనే నాగజెముడు ఆకుల కూర ఉంటుంది, రాహాస్ అనే కాల్చిన మిరప చీలికల కూర ఉంటుంది, పుట్టగొడుగులు, బంగాళాదుంప ఉంటాయి. కానీ పెనం ఒక్కటే, అట్లకాడ ఒక్కటే, ఇందాక నేను మెచ్చుకున్న ఆ కొవ్వు మీదే ఆవిడ రొట్టె కూడా కాలుతుంది. ‘మాంసం వద్దు’ అంటే బీఫ్ తీసేసి చికెన్ వేసేవాళ్ళూ ఉన్నారు. ఫ్రిహోలెస్, అంటే ముద్దగా చేసిన బీన్స్‌లో తరచుగా మాంతెకా, పంది కొవ్వు ఉంటుంది. ఎర్రటి అన్నం టమాటా అన్నంలా కనిపిస్తుంది, అందులో చికెన్ రసం పొడి కలుపుతారు. గోధుమ రొట్టెలో కూడా కొవ్వు ఉండొచ్చు. పెనం సంగతి పక్కన పెడితే, పదార్థాల వరకు మొక్కజొన్న రొట్టె ఒక్కటే నిశ్చింత, మొక్కజొన్న, నీళ్ళు, సున్నం, అంతే. ‘సిన్ మాంతెకా? సిన్ కాల్దో దె పోయో?’, అంటే పంది కొవ్వు లేకుండానేనా, చికెన్ రసం లేకుండానేనా అని అడగొచ్చు, కిటికీలో ఉన్నవాళ్ళు సాయం చేయాలనే ‘సీ సీ’, అవునవును అంటారు, కానీ వెనక కుండలో ఏం పడిందో వాళ్ళకే తెలియకపోవచ్చు.

అందుకని వంటగది ఉన్న ఇల్లే తీసుకోండి. తియెందాలో మొక్కజొన్న రొట్టెల ప్యాకెట్, వహాకా చీజ్, ముళ్ళు తీసి ముక్కలు కోసి సంచిలో అమ్మే నోపాలెస్, ముదురాకుపచ్చ పొబ్లానో మిరపకాయలు, క్రేమా అనే పుల్లటి మీగడ, అవకాడో, నిమ్మకాయలు కొనండి. పొబ్లానోలను గ్యాస్ మంట మీద నల్లగా కాల్చి, కాసేపు మూతపెట్టి, తొక్క తీసి, చీలికలు చేసి ఉల్లిపాయతో వేయించి, రెండు చెంచాల క్రేమా కలిపితే రాహాస్. నోపాలెస్ జిగురు వదులుతాయి, మూత పెట్టకుండా పెద్ద మంట మీద జిగురు ఇంకిపోయేదాకా వేయించి, అప్పుడు ఉప్పు వేయాలి. డెన్వర్‌లో కొన్న మిరపకాయలు ఇక్కడ బయటికి తీయండి. అమ్మగారికి ట్రక్కు దగ్గర పక్కన నిలబడి నిమ్మరసం తాగడం కంటే ఇది గౌరవం. నాకు తెలిసి ఇంట్లో మిగతావాళ్ళు కూడా ఆ రాత్రి ఆవిడ ప్లేటు మీదే పడతారు.

డబ్బా బీన్స్ కొంటే పదార్థాల పట్టీ చదవండి. ఎండు బీన్స్ కొని నానబోసి మామూలు గిన్నెలో పెట్టకండి. లెడ్‌విల్ ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి, గింజ మెత్తబడడానికి గంటలకు గంటలు పడుతుంది. ప్రెషర్ కుక్కర్ లేకపోతే ఆశ వదులుకోవాలి. అక్కడి కొట్లో బీన్స్ వెన్నలా ఉన్నాయంటే వంటచేసేవాళ్ళు శ్రద్ధ పెట్టారని అర్థం. నేను కొత్త చోటికి వెళ్తే ముందు అదే రుచి చూస్తాను.

టాకో మీదే పట్టుబట్టకండి, ఇంకో మాట కూడా. ఈ లోయల్లో సాల్వదోర్ దేశంవాళ్ళూ బాగానే ఉన్నారు, ముఖ్యంగా కార్బన్‌డేల్, గ్లెన్‌వుడ్ వైపు. వాళ్ళ పుపూసా మొక్కజొన్న పిండిలో పూర్ణం పెట్టి చేత్తో తట్టి కాల్చేది. చీజ్, లొరోకో పువ్వు పెట్టినది శాకాహారమే, పెనం సంగతి పట్టించుకోని శాకాహారులైతే హాయిగా తినొచ్చు. పక్కన పులిసిన క్యాబేజీ ఇస్తారు.

పెద్దవాళ్ళతో వస్తున్నారు కాబట్టి ఎత్తు గురించి. డాలస్ నుంచి ఒకే రోజు 10,000 అడుగులు దాటి వెళ్ళి పడుకుంటే తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. వీలైతే మొదటి రాత్రి సాలిడాలోనో బ్యూనా విస్టాలోనో ఉండండి, అవి 7,000, 8,000 అడుగుల దగ్గర. అక్కడా తాకెరియాలు ఉన్నాయి. పైకి చేరిన మొదటి సాయంత్రం కొవ్వు మాంసం, బీన్స్ పెట్టుకోకండి, అన్నం చారు తిని పడుకోండి. నాన్నగారికి బీపీ, గుండె మందులుంటే బయల్దేరే ముందే డాక్టరును అడగండి.

నగదు దగ్గర పెట్టుకోండి, చిన్న నోట్లు. కార్డు తీసుకునే ట్రక్కులు ఇప్పుడు చాలా ఉన్నాయి, కానీ సిగ్నల్ లేకపోతే మెషిన్ పనిచేయదు, ఈ విషయంలో నా మాట నమ్మండి. టిప్పు డబ్బాలో వేయండి. ఇద్దరే నిలబడి యాభై మందికి వండుతుంటారు, కాబట్టి వరుసలో నిలబడి మెనూ చదవడం మొదలుపెట్టకుండా, ముందే ఎవరికి ఏమిటో అనుకుని వెళ్ళండి. ‘కోన్ తోదో’ అంటే ఉల్లిపాయ కొత్తిమీర రెండూ వేసిస్తారు. సాయంత్రం ఐదున్నర నుంచి పని దిగినవాళ్ళు వస్తారు, ఆ వేళకు అన్నీ వేడివేడిగా తిరుగుతుంటాయి. ఎనిమిదిన్నరకు వెళ్తే అడుగు బొడుగు. సెప్టెంబరులో ఇబ్బంది లేదు కానీ అక్టోబరు చివర, నవంబరులో, మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లో రిసార్టులు ఖాళీ అవుతాయి, కొట్లవాళ్ళు కూడా తలుపులేసి ఊళ్ళకు పోతారు. అప్పుడు వచ్చేవాళ్ళు ఫోన్ చేసి బయల్దేరడం మంచిది.

ఆదివారం మధ్యాహ్నం డెన్వర్ వైపు ఐ-70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం ముందు బండ్లు బారులు తీరతాయి, ఆకుల సీజన్లో మరీ. పొద్దున్నే కొట్టుకెళ్ళి మేక బిర్రియా పౌండు లెక్కన కట్టించుకుని, రొట్టెలు విడిగా తీసుకుని, పదింటికల్లా కొండ దిగండి. కోన్సొమే డబ్బా మూతకు టేపు వేయమని అడగండి, మీరు కూడా ఒక సంచిలో పెట్టి సీటు కింద నిలబెట్టండి. ఫ్రీమాంట్ పాస్ మలుపుల్లో అది ఒలికిందంటే అద్దె కారువాళ్ళు శుభ్రం చేసిన ఖర్చు మీ కార్డు మీదే వేస్తారు.